నిండుకున్నాయి

డిమోయిన్‌లో పిల్లలు ముప్పయ్యో తారీఖునే వస్తారు.
ఊరంతా దాన్ని బిచ్చగాళ్ళ రాత్రి అంటుంది,
ఏ మొహమాటమూ లేకుండా.
ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా.
ఇంకో రూలు కూడా ఉంది ఇక్కడ:
ఊరికే ఇవ్వకూడదు.
జోకు చెబితేనే చాక్లెట్టు.

ఏటా ఇది హిమజ పని.
ఈసారి ఆమెకి ఆసుపత్రిలో డ్యూటీ పడింది.
వెళ్తూ వెళ్తూ స్టీలు బేసిన్ నా ఒళ్ళో పెట్టి
"నవ్వాలి, తెలిసిందా? అర్థం కాకపోయినా" అంది.

నేను ఇన్సూరెన్సు మనిషిని.
వడగళ్ళకి ఎన్ని కప్పులు పగులుతాయో
ముందే లెక్కగట్టి జీతం తీసుకుంటాను.
పోయినేడు డెబ్బై మంది,
ఈ రాత్రి ముప్పై ఎనిమిది డిగ్రీలు, ఇక్కడి డిగ్రీల్లో అది వణుకే,
వాన పడే అవకాశం సగానికి సగం.
తొంభై చాలన్నాను.

మొదట ఒక తేనెటీగ వచ్చింది,
చలికోటు కింద రెక్కలు నలిగిపోయి.
"దెయ్యాలు అబద్ధమాడితే ఎందుకు దొరికిపోతాయి?"
ఎందుకు?
"లోపలిదంతా బయటికి కనబడుతుంది కదా!"
ఇది బాగుంది. ఇది ఏ భాషలోనైనా నడుస్తుంది.
రెండిచ్చాను.

తర్వాత మంత్రగత్తె.
బళ్ళో తనకిష్టమైన పాఠం స్పెల్లింగట.
నవ్వాను, హిమజ చెప్పినట్టే.
నవ్వి, తలుపేసి,
చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఆలోచించి
స్పెల్ అంటే మంత్రం కూడానని తట్టేసరికి
ఆ పిల్ల మూడిళ్ళు దాటిపోయింది.
అప్పుడొచ్చింది నిజం నవ్వు.
ఎవరికివ్వను దాన్ని?

ఎదురింటి మార్లిస్ గరాజ్ ముందు మడతకుర్చీ వేసుకుని
దుప్పటి కప్పుకుని
ప్రతి జోకుకీ కొత్తగా విన్నట్టే పడీ పడీ నవ్వుతోంది.
ఆ అస్థిపంజరం జోకు ఈ సాయంత్రం పదకొండోసారి.

మూడేళ్ళ డైనోసారొకడు జోకు మర్చిపోయి
తోక పట్టుకుని ఏడ్చాడు. వాడికి మూడు.
మీసాలొస్తున్న కుర్రాడు, వేషమేమీ లేదు,
ఏంటి బాబూ అంటే
"మా అన్నయ్య వేషం" అన్నాడు గంభీరంగా. వాడికి నాలుగు.
వాన రాలేదు.
మెట్టు మీద నేను చెక్కిన గుమ్మడికాయ
ఎగుడుదిగుడు పళ్ళతో నా లెక్కనే చూస్తోంది.

ఏడూ యాభైకి బెల్లు.
ఎముకల పైజమా, దాని మీద ఊదారంగు కోటు,
చేతిలో దిండు గలీబు,
గలీబు మీద మార్కరుతో ఎమినా అని.
వీధిలో ఒక కారు లైట్లు వేసుకుని ఆమె కోసం ఆగింది.
నా బేసిన్‌లో రెండు ఖాళీ కాగితాలు.
గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.
నోట్లోంచి తెలుగే వచ్చేసింది:
"నిండుకున్నాయమ్మా."

"ఏంటీ?"
చెప్పాల్సొచ్చింది.
మా ఇళ్ళల్లో డబ్బాలో బియ్యం అయిపోతే
అయిపోయాయి అనరు. లేవు అని అసలే అనరు.
నిండుకున్నాయి అంటారు.
"అంటే నిండా ఉన్నాయా?"
కాదు, ఖాళీ.
"ఖాళీ అయితే నిండినట్టా?"
అవును.

ఆ పిల్ల బేసిన్‌లోకి తొంగి చూసింది.
నా మొహంలోకి చూసింది.
ఎముకలన్నీ కదిలేలా నవ్వింది.
గలీబులోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి కెలికి
ఒకటి తీసి నా బేసిన్‌లో పడేసింది, టింగుమని.
జోకు చెప్పింది నేను కదా మరి.

నల్ల లికోరైస్. ఎవరూ తినరు దాన్ని.
ఏరి ఏరి ఇచ్చిందనుకుంటాను.

పదకొండింటికి హిమజ వచ్చి బూట్లు విప్పుతూ
"ఏమన్నా మిగిలాయా?" అంది.
ఒకటి.
"ఒక్కటెందుకు మిగిల్చావ్?"
మిగిల్చింది కాదన్నాను.
సంపాదించింది.